ఆగిన చెట్లు చెప్పిన కబురు

పర్వతాలు గౌడుకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తాటిచెట్టెక్కి దిగడమంటే ఇంట్లోంచి వాకిట్లోకి పోయిరావడమే. పెళ్లినాడూ ఎక్కాడు, ఒళ్లు కాలే జ్వరంలోనూ ఎక్కాడు. అలాంటి మనిషిని మిలటరీవాళ్లు నేలమీద కూర్చోబెట్టారు. ‘ఇక ఈ చెట్ల మీద కనబడ్డావో, కాల్చిపారేస్తాం’ అన్నారు. ఎవరి చెట్లయ్యా అవి? అతని తాత నాటి నుంచి ఆ ఇంటివాళ్లు కల్లు గీసుకుంటున్న చెట్లు! అయినా తుపాకీ పట్టుకున్నవాణ్ణి ఎదురడిగేదెవరు? పర్వతాలు కూడా అడగలేదు. నోరు మూసుకుని కల్లు పట్టే లొట్లన్నీ దింపుకొచ్చి, వాకిట్లో బోర్లించాడు.

ఊరి పేరు బోడగుట్టపల్లి. తిరుమలగిరికి పోయే బాట మీద ఉంటుంది. మిలటరీ దిగింది, నిజాం లొంగిపోయాడు, రజాకార్లు తోకముడిచారు, పీడ విరగడైందని జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆ పీల్చిన ఊపిరి వదిలేలోపే అదే మిలటరీ, దొరల మీదా నిజాం మీదా తిరగబడ్డ సంఘంవాళ్ల కోసం ఊళ్ల మీద పడింది. దళాలు గుట్టలెక్కాయి. ఊరికి పడమట కనబడే బోడగుట్ట మీద కూడా ఒక దళం ఉందని ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరికీ తెలియదు. అందులో పర్వతాలు తమ్ముడు ఐలేశం ఉన్నాడు. రజాకార్లు గౌండ్ల వాడకు అగ్గి పెట్టిననాడు పోయినవాడు, మళ్లీ గడప తొక్కలేదు. తొక్కితే ఏమవుతుందో కూడా అందరికీ తెలుసు. పక్క ఊళ్లో పెళ్లాం బిడ్డలను చూసిపోదామని దిగివచ్చిన ఇద్దరిని మిలటరీ లారీ ఎక్కించింది. ఆ లారీ ఎక్కడికి పోయిందో ఇంతవరకు అంతు లేదు.

సరే, మిలటరీకి తాటిచెట్లతో ఏం పని? ఆ సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి. బాట పొడుగునా తంతి స్తంభాలుండేవి. సంఘంవాళ్లు ఆ తీగను ఎక్కడికక్కడ కోసేవాళ్లు. సర్కారు వచ్చి కలిపేది, వీళ్లు మళ్లీ కోసేవాళ్లు. కోసిన తీగను ఊరికే పారేస్తారా ఎవరైనా? బొక్కెనలకు పిడులయ్యాయి, మేకల దొడ్లకు కట్లయ్యాయి, బట్టలారేసుకునే దండేలయ్యాయి. ఆ తీగ ముక్క లేని ఇల్లు ఆ చుట్టుపక్కల వెతికినా దొరికేది కాదు. సర్కారుకు విసుగు పుట్టింది. ఈసారి తీగతో పనిలేని యంత్రాన్నే లారీలో వేసుకుని తెచ్చింది.

ఆ యంత్రం వెంట వచ్చినవాడు హవల్దారు మునిరత్నం. చిత్తూరు వైపువాడు. తెలుగే గానీ మన తెలుగు కాదు, వింటుంటే నవ్వొచ్చే తెలుగు. మనిషి మాత్రం నిమ్మళస్తుడు. పర్వతాలు ఇంటి వెనక పటేలు పశువుల కొట్టంలో క్యాంపు దిగింది. ఆకుపచ్చ ఇనుపపెట్టె, చెవులకు తగిలించుకునే డిప్పలు, వేలితో టక్కుటక్కుమని కొట్టే మీట, పక్కన ఒక జవాను కూర్చుని చెమటలు కక్కుతూ పిడి తిప్పితే కరెంటు పుట్టించే మరొక పెట్టె. అన్నీ ఉన్నాయి. ఒకటే తక్కువ. గాలిలోని మాటను అందుకోవడానికి ఒక పొడవాటి రాగితీగను రెండు ఎత్తైన వాటి నడుమ కట్టాలి. ఆ ఊళ్లో పర్వతాలు చెట్ల కంటే ఎత్తైనవి లేవు. కట్టగలిగినవాడూ పర్వతాలే.

“ఏమప్పా, తీగ మింద పోయే మాటను తీగ కోసి ఆపేస్తిరి. గాలిలో పోయే మాటను ఎట్ల కోస్తారో చూస్తాను” అన్నాడు మునిరత్నం నవ్వుతూ. బర్మా యుద్ధంలో ఇలాంటి పెట్టెనే కంచరగాడిద వీపున కట్టుకుని అడవులు తిరిగాడట. వానలో, బురదలో, మనిషికి మనిషి కనబడని చోట కూడా ఈ పెట్టె మాట్లాడిందట. “కట్టే ఎత్తును బట్టి ఉంటాదప్పా దీని సత్తువ. బాగా పైన కట్టు.”

పర్వతాలు పైన కట్టలేదు. రెండు చెట్లకూ నడుముకు కొంచెం మీదుగా కట్టి దిగిపోయాడు. “మీద మట్టలు వదులుగున్నయ్ సారూ, తీగ ఆగది” అని అబద్ధమాడాడు. నా తమ్ముని మీదికి పోయే మాటకు నేను బలమియ్యాల్నా అనుకున్నాడు మనసులో. అతని లెక్క తప్పలేదు. గుట్ట అడ్డొచ్చి నార్కట్‌పల్లిలో ఉన్న పెద్ద క్యాంపు మాట సరిగా అందేది కాదు. మునిరత్నం డిప్పలు చెవులకు అదుముకుని, కళ్లు మూసుకుని, ఆ యంత్రాన్ని తన యాసలో తిట్టుకునేవాడు. పర్వతాలు కంచె ఇవతల నిలబడి చూస్తూ లోలోపల మురిసిపోయేవాడు. అయితే తీగ కట్టిన మర్నాడే కెప్టెన్ వచ్చి చెట్లు చూశాడు. వాటి మీదికెక్కితే క్యాంపు అంతా అరచేతిలో కనబడుతుందని అతని అనుమానం. అదిగో, అప్పుడు పడింది ఆ ఆంక్ష. అతని లొట్లన్నీ దింపించారు, ఆ చెట్ల దగ్గర కాలు పెట్టొద్దన్నారు. మిగతావాళ్ల చెట్లు క్యాంపుకు దూరం కాబట్టి వాటి జోలికి పోలేదు. గుట్ట వైపు మందలు కూడా తోలొద్దన్నారు.

పర్వతాలు ఆ రోజులు ఎలా గడిపాడో అడగొద్దు. కట్టె కొట్టాడు, కట్టిన దడినే విప్పి మళ్లీ కట్టాడు. భార్య కాన్పుకు పుట్టింటికి పోయింది. ఇంట్లో ఉన్నది తల్లి నర్సింగమ్మ ఒక్కతే. ఆమె ఒకప్పుడు నోరు తెరిస్తే వాడకట్టంతా తలుపులు వేసుకునేది. మిలటరీ దిగాక గుసగుసగా తప్ప మాట్లాడడం లేదు. తమ్ముని పేరు పొరపాటున కూడా ఎత్తడం లేదు.

ఒకనాడు సంతబాట మీద గొల్ల గుర్వయ్య ఎదురయ్యాడు. అవతలి ఊరివాడు, మందను తోలుకుని పోతున్నాడు. పర్వతాలును చూసి గతుక్కుమన్నాడు.

“ఓరి పర్వతాలూ, నువ్వు మంచిగనే ఉన్నవా! అయితే మీ అమ్మ పోయిందా?”

“గదేం మాట మామా! మా అమ్మకేమైంది? గుండురాయి తీరుగున్నది.”

“మరి చెట్లెందుకు ఆపినవ్‌రా? మా గడ్డ మీదికెల్లి సూస్తే కనబడతనే ఉన్నయ్ గద. ఊళ్లె అందరి చెట్లు గీస్తుంటే మీ ఇంటియి ఒక్కటే ఆగినయ్. మీ ఇంట్ల ఎవరో పోయిన్రని మావోళ్లంత అనుకుంటున్నరు. పెద్దదినంనాటికి రావాల్ననే నేను గూడ అనుకుంటున్న.”

గుర్వయ్య తన మందను అదిలించుకుంటూ పోయాడు. పర్వతాలు తిరిగి తన చెట్ల వైపు చూశాడు.

గౌండ్ల ఇంట్లో మనిషి పోతే పదకొండోనాటి పెద్దదినం అయ్యేదాకా ఆ ఇంటివాళ్లు చెట్టు ముట్టరు. మైల ఒంటితో చెట్టెక్కే మోకు పడితే గౌండ్ల దేవుడు కాటమయ్య చెట్టు మీదినుంచి తోసేస్తాడని భయం. లొట్లు దింపి, చెట్లను ఊరికే వదిలేస్తారు. అందుకే ఆ ప్రాంతంలో ఎవరింట్లో చావైందో ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. ఏ ఇంటి చెట్లు ఆగాయో చూస్తే చాలు. ఈ సంగతి పర్వతాలుకు తెలియదా? అతని ఎముకల్లో ఉన్న సంగతది. కానీ ఆపింది మిలటరీవాళ్లాయె! చెట్లు ఎందుకు ఆగాయో తనకు తెలుసు కాబట్టి, అందరికీ తెలిసినట్టే ఉండిపోయాడు. గుట్ట మీదివాళ్లకు తెలియదన్న మాటే తట్టలేదు.

బోడగుట్ట గుర్వయ్య వాళ్ల గడ్డ కంటే దగ్గర. ఐలేశం కూడా గౌండ్లోడే. మీసాలు రాకముందే మోకు పట్టినవాడు. పొద్దున లేవగానే వాడి కళ్లు ముందు ఈ చెట్ల మీదికే పోతాయి. అన్న చెట్టు మీద కనబడితే ఇంట్లో అందరూ క్షేమం. ఇన్నాళ్లూ తమ్మునికి అందుతున్న కబురు అదొక్కటే. ఇప్పుడు ఆ చెట్లే పొద్దస్తమానం వానికి అబద్ధం చెబుతున్నాయి. అన్నో, అమ్మో, ఎవరో ఒకరు పోయారని చెబుతున్నాయి. ఎల్లుండితో ఆ లెక్కన పెద్దదినం. కన్నతల్లి పెద్దదినానికి ఏ కొడుకు ఆగుతాడు? తల తీసేస్తామన్నా తలవెంట్రుకలు ఇయ్యడానికి వస్తాడు. వచ్చి ఎక్కడికి వస్తాడు? తిన్నగా తుపాకుల నోట్లోకి!

 కబురు పంపుదామంటే గుట్ట వైపు పురుగును కూడా పోనివ్వడం లేదు. తల్లితో చెబితే ఆమె ఆగదు, గుండెలు బాదుకుంటూ తానే గుట్టకు పరుగెత్తుతుంది. అటు తిరిగి ఇటు తిరిగి ఉన్నది ఒకటే తోవ. చెట్టెక్కాలి. కనబడాలి.

మర్నాడు తెల్లవారగానే కొట్టం దగ్గరికి పోయాడు. కెప్టెన్ గస్తీకని తిరుమలగిరి పోయాడు, అది ఒక అదృష్టం. మునిరత్నం డిప్పలు మెడకు వేసుకుని, పళ్లు తోముకుంటున్నాడు.

“సారూ, జర చెట్లెక్కనియ్యుండ్రి. గీయకుంటే గెలలు ఎండిపోతయ్. ఈ ఏడు మా నోట్ల మన్నే.”

“నా చేతిలో ఏముందప్పా? కెప్టెను దొర ఒప్పుకోడు. ఆయనకు నేను జవాబు చెప్పాల కదా.”

పర్వతాలు చెట్ల నడుమునున్న తీగ వైపు చూశాడు. ఆ మాట అనకూడదనే అనుకున్నాడు. అయినా అన్నాడు.

“తీగ మీదికి కడత సారూ. కొసకు కడత. మీకు నార్కట్‌పల్లి మంచిగ ఇనవడాలె గద?”

మునిరత్నం పుక్కిలించడం ఆపాడు. “మట్టలు వదులుగుండాయంటివే?”

“చూసి కడత. మీదికెల్లి దినాం తీగను అరుసుకుంట. గాలికి సడలకుంట చూస్త.”

మునిరత్నం అతని మొహంలోకి చూశాడు. ఏమర్థమైందో, ఏం కాలేదో, ఎవరికి తెలుసు! “సరేలే, ఎక్కు. తీగ కోసమని రాసుకుంటాను” అన్నాడు.

పర్వతాలు ఇంటికి పరుగెత్తి మోకు, నడుముకు బిగించే ముత్తాదు, కత్తి, లొట్టి అన్నీ తగిలించుకుని వచ్చాడు. ఇన్నాళ్ల తర్వాత చెట్టు మొదలుకు దండం పెడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. తీగ కట్టిన చోట విప్పి, దాని కొసను నడుముకు చుట్టుకుని పైకి పాకాడు. తీగ అతని వెంటే పైకి వస్తోంది. రేపు ఈ తీగ మీదుగా ఎన్ని లారీలను పిలుస్తారో, ఎవరి కొడుకుల మీదికి పంపుతారో! ఆ పాపంలో నాకు వాటా లేదంటే కాటమయ్య ఒప్పుకుంటాడా? అయినా చేతులు ఆగలేదు. మట్టల సందులో నిలబడి, మోకు బిగించుకుని, గుట్ట వైపు తిరిగాడు.

తిరిగినవాడు అట్లాగే కొయ్యబారిపోయాడు. గుట్టకూ ఇంటికీ నడుమ కోతకొచ్చిన జొన్నచేను ఉంది. ఆ చేనులో ఒకచోట కంకులు కదులుతున్నాయి. గాలికి కదిలితే చేనంతా కదలాలి గదా! అక్కడొక్కచోటే కదులుతూ, ఆగుతూ, మళ్లీ కదులుతూ ఇటే వస్తున్నాయి. సందులో నెత్తికి చుట్టిన తువాల కనబడింది. పెద్దదినందాకా కూడా ఆగలేదు వెర్రివాడు! ఇంకాస్త దాటితే చేను అయిపోతుంది, ఆ తర్వాత బోడి మైదానం. దాని అంచునే గడ్డివాము పక్కన కాపలా జవాను బీడీ తాగుతూ నిలబడ్డాడు.

చెట్టు మీద అన్న ఉన్నాడు, కనబడుతూనే ఉండాలి. కానీ తువాల ఆగలేదు. ఎందుకాగుతుంది? మైలలోనే మిలటరీవాళ్లు తీగ కోసం ఎక్కించారనీ, అన్న బతికున్నాడు కాబట్టి పోయింది అమ్మేననీ అనుకుంటాడు!  కేక వేస్తే జవాను అటు తిరుగుతాడు. చెయ్యి ఊపితే కింద మునిరత్నం చూస్తున్నాడు. ఏం చెయ్యాలి దేవుడా? అమ్మ ఉందని ఎట్ల చెప్పాలి?

“అమ్మా! ఓ అమ్మా!” అని ఇంటి వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

నర్సింగమ్మ వాకిట్లోకి వచ్చింది. తలెత్తి చూసి, మిలటరీవాళ్ల వైపు చూసి, నోటి మీద వేలేసుకుంది. అరవకురా అన్నట్టు చెయ్యి ఊపింది.

ఈ ముసలిదానికి ఇవాళే సైగలు దొరికాయా! పర్వతాలు ఇక ఆలోచించలేదు. “రాత్రి ఏం గటక వండినవే? కుక్కకేస్తే కుక్క గూడ మూతి తిప్పుకున్నది! నీకు చేతగాకుంటే చెప్పు, నేనే వండుకుంట!”

నర్సింగమ్మను ఏమన్నా పడుతుంది, చేతివంట జోలికి పోతే మాత్రం ఊరుకోదు. మిలటరీ లేదు, తుపాకీ లేదు, ఒక్కసారిగా కొంగు నడుముకు చుట్టింది.

“ఏందిరా కూసినవ్? నీ నోట్ల మన్నువొయ్య! నా గటక తినే తాటిచెట్టు లెక్క పెరిగినవ్ గదరా సచ్చినోడా! ఇన్నేండ్లు మెక్కినప్పుడు తెలువలేదా? దిగు, దిగిరా, నీ మూతి పగలగొడత! ఆలిని పంపంగనే అమ్మ వంట చేదైందా నీకు?”

ఆ గొంతు కొట్టం దాటింది, వనం దాటింది. జవాన్లు పిడి తిప్పడం ఆపి పగలబడి నవ్వారు. గడ్డివాము దగ్గరి కాపలావాడు కూడా బీడీ పారేసి, చేను వైపు వీపు పెట్టి ఇటు తిరిగి నవ్వసాగాడు. పర్వతాలు మాత్రం చేను వైపే చూస్తున్నాడు. తువాల ఆగింది. ఆగి, కిందికి కుంగింది. కూర్చున్నట్టున్నాడు. పోడేంది వీడు?

నర్సింగమ్మ రొప్పు వచ్చి కాసేపు ఆగింది. తువాల లేచి, అటూ ఇటూ కాకుండా అక్కడే నిలబడింది. పర్వతాలుకు అర్థమైంది. వాడు పోలేక కాదు, ఇంకా వినాలని నిలబడ్డాడు. ఎన్నాళ్లయిందో ఆ తిట్లు తిని!

“నీ పులుసు గూడ అట్లనే ఉంటది! ఉప్పుండదు, కారముండదు!” అని మళ్లీ అరిచాడు. 

ఇక చెప్పాలా! నర్సింగమ్మ పర్వతాలు పుట్టిననాటి నుంచి మొదలుపెట్టింది. వాడు పాలు తాగనని ఏడ్చిన సంగతి, ప్రసవానికి తాను పడ్డ యాతన, ఒక్కటీ వదల్లేదు. ఆ తిట్లన్నీ అయ్యేదాకా తువాల కదల్లేదు. అప్పుడు పర్వతాలు కత్తి తీసి గెల కొస చెక్కి, లొట్టి తగిలించాడు. అంతా మంచిదే, పోరా తమ్మీ అన్నట్టు. కంకులు మళ్లీ కదిలాయి. ఈసారి గుట్ట వైపు.

తీగను కొసకు బిగించి, రెండో చెట్టెక్కి అవతలి వైపు కూడా పైకి కట్టి దిగాడు. కింద మునిరత్నం డిప్పలు చెవులకు పెట్టుకుని, మొహం వెలిగిపోతూ కూర్చున్నాడు. “వచ్చిందప్పా! నార్కట్‌పల్లివాడు పక్కింట్లో కూర్చుని మాట్లాడినట్టుండాది!” అన్నాడు. పర్వతాలు మంచిది సారూ అని, తల వంచుకుని ఇంటికి పోయాడు.

ఇంట్లో నర్సింగమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుంది. “కుక్క తినని బువ్వ మనుషులకెందుకు? పో, నీ సర్కారోళ్లనే అడుగు” అంది.

పర్వతాలు తలుపు దగ్గరికి వేసి, ఆమె పక్కన కూర్చున్నాడు. చెట్లు ఆగిన సంగతి, గుర్వయ్య అడిగిన సంగతి, చేనులో తువాల సంగతి మెల్లగా అన్నీ చెప్పాడు. నర్సింగమ్మ గరిటె పక్కన పెట్టి ఇటు తిరిగింది.

“జొన్నచేన్లకొచ్చిండా? గింత దగ్గరికి?”

“వచ్చిండమ్మా.”

“నా తిట్లిన్నడా?”

“మొత్తం ఇన్నడు. ఇని, నిమ్మళంగ పోయిండు.”

నర్సింగమ్మ ఏడవలేదు. పొయ్యిలో కట్టెను ముందుకు జరిపింది. “నేను సచ్చిన్నంటె వచ్చిండు. బతికున్నంటె మళ్లిపోయిండు” అంది. తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుంది. “కొడుకా, నీ కాల్మొక్కుత. చెట్లు ఇంకొక్కసారి ఆపు. నేను పోయిన్ననుకోని ఇంకొక్కపారి రానీ. కండ్లార సూసుకుంట.”

“వస్తే పట్టుకుంటరమ్మా. గీసారి ఎట్లనో పోయిండు.”

ఆమె అతని చెయ్యి వదిలి లేచింది. అతనికి గటక పెట్టింది. తాను తినలేదు. పర్వతాలు కూడా సగం తిని లేచాడు.

మర్నాడు పొద్దున పర్వతాలు లేవలేదు. మెలకువగానే ఉన్నాడు. చెట్టెక్కితే తల్లి కళ్ల ముందే ఆమె కోరికను కాలదన్నినట్టవుతుంది. ఎక్కకపోతే గుట్ట మీద వాడు చూస్తుంటాడు. ఎటూ తేలక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాకిలి ఊడ్చిన చప్పుడు ఆగింది. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. ఏదో బరువైనది అతని పక్కన పడింది. చూస్తే మోకు, ముత్తాదు.

“లేరా. ఇంకెంతసేపు పంటవ్?” అంది నర్సింగమ్మ. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. “పొద్దెక్కుతాంది. వాడు సూస్తుంటడు, పోయి ఎక్కు.”